ఇటుక ముక్కల దారి

కొత్తింట్లో నా మాట చెల్లేలా కనిపించిన మొదటి విషయం ఆ దారే. అందుకే అంత పట్టు పట్టాను.

గోడలూ, కప్పూ, తలుపులూ, కిటికీలూ అన్నీ మామయ్యా, మా ఆయనా చూసుకున్నారు. వంటింటి గట్టు అత్తయ్య ఎత్తుకి కట్టించారు. అత్తయ్య పొడగరి. నేను కూరగాయలు తరుగుతుంటే నా భుజాలు చెవుల దాకా వచ్చేస్తాయి. నన్నెవరూ అడగలేదు, నేనూ నోరు తెరవలేదు. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసిన దానికి ఇల్లు కట్టడం గురించి ఏం తెలుసులే అని వాళ్ళూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను.

ఇక మిగిలింది గేటు నుంచి మెట్ల దాకా ఉన్న మట్టి జాగా. మా ఆయన రొట్టెల వ్యాను నడుపుతారు. తెల్లవారకముందే బేకరీలో సరుకు ఎక్కించుకుని కొట్లన్నిటికీ వేసి మధ్యాహ్నానికి ఇంటికొస్తారు. మొదటి వానకే ఆ వ్యాను మా వాకిట్లో ఇరుసు దాకా దిగబడింది. వీధిలో పోయేవాళ్ళని కూడా పిలిచి తోయించాల్సి వచ్చింది. చక్రం తిరిగినప్పుడు ఎగిరిన బురదంతా నేను తీగ మీద ఆరేసిన పాప బట్టల మీద పడింది.

"దారి వెయ్యాల్సిందే. కానీ ఉన్నదంతా ఇంటికే ఊడ్చి పెట్టేశాం. చవగ్గా తేలిపోవాలి. ఎవరికేం తోస్తే అది చెప్పండి," అన్నారు మామయ్య. జీవితమంతా బస్సు నడిపి రిటైరయ్యారు. ఇంట్లో ఏం మాట్లాడినా బస్సు నిండా జనం ఉన్నట్టే గట్టిగా మాట్లాడతారు.

మా ఆయన కాంక్రీటు అన్నారు. అత్తయ్య కంకర అంది.

"కంకరైతే ఎవరు అడుగు పెట్టినా కరకరమంటుంది. ఎవరొచ్చారో ఎవరెళ్ళారో మంచం మీద పడుకునే చెప్పొచ్చు," అంది.

వచ్చేవాళ్ళ సంగతి సరే, మా ఇంట్లోంచి బయటికెళ్ళేది ఎవరు? మగవాళ్ళు వ్యాను మీద వెళ్తారు, దాని చప్పుడు దానికుంది. కాలినడకన వెళ్ళేదాన్ని నేనే. అంటే ఆ కంకర నా కోసమేనని నాకు అప్పుడే అర్థమైంది.

వదిన రంగు టైల్సు కావాలంది. వదిన అంటే మా ఆయన అక్క. వాళ్ళాయన ఎక్కడో వంతెన పనిలో ఉన్నాడు, నెలకోసారి వచ్చి వెళ్తాడు, ఆ పని అయ్యేదాకా వదిన మా దగ్గరే ఉంటుంది. డిగ్రీ చదివింది. కుట్టుపని బాగా వచ్చు. ముందు గదిలో కిటికీ పక్కన మిషను వేసుకుని దిండు గలీబులూ, చిన్నపిల్లల గౌన్లూ కుడుతుంది. ఆ కిటికీలోంచి గేటూ, వాకిలీ మొత్తం కనిపిస్తాయి.

"ఇటుక ముక్కలు వేద్దాం," అన్నాను నేను.

అందరూ నావైపు తిరిగారు.

"ఇంటి వెనక గుట్ట ఉందిగా. పాత గోడ పడగొట్టినవి. కొనే పని లేదు. పెద్ద ముక్కలు దగ్గర దగ్గరగా పేర్చి, సందుల్లో చిన్న ముక్కలు కూరి, రాతిపొడి పోసి దిమ్మిస కొడితే గట్టిగా నిలుస్తాయి. మా పుట్టింటి సందులో అలాగే ఉండేది."

"వానాకాలం నాచు పట్టి జారి పడతారు," అంది అత్తయ్య.

"కంకరైతే మన పిడుగు నోట్లో పెట్టుకుంటుంది అత్తయ్యా. ఇటుక ముక్కలు పెద్దవి, నోట్లో పట్టవు."

పిడుగు అంటే మా పాప. పాకడం మానేసి నడక మొదలుపెట్టింది. కంటికి కనబడింది నోట్లోకి పోవాల్సిందే. ఒకసారి వదిన బటను దాని బుగ్గలో దొరికింది. అప్పట్నించీ ఏ పని చేస్తున్నా నా చూపుడు వేలు దానంతటదే వెళ్ళి పాప చిగుళ్ళ వెంట ఒక చుట్టు తిరిగి వస్తుంది. నిద్రపోతున్నప్పుడు కూడా చూస్తున్నానని మా ఆయన నవ్వుతారు.

మేస్త్రీ వచ్చి అందరి మాటలూ విన్నాడు. వినీ వినీ చెవిలో పెన్సిలు పెట్టి తిప్పుకున్నాడు.

"నేను ఏ ఇంట్లోనైనా ఇంతే చేస్తానండీ. నాలుగు నోళ్ళుంటే నాలుగు ముక్కలు పరుస్తాను. తలా ఒక మంచమంత. తొక్కండి, బండి ఎక్కించండి, నీళ్ళు కొట్టండి. వచ్చే ఆదివారం నేనొచ్చేసరికి ఏది నిలబడితే అది. తర్వాత నన్ననకూడదు."

అలా గేటు లోపల వరసగా నాలుగు ముక్కలు వెలిశాయి. కాంక్రీటు, కంకర, టైల్సు, చివర మెట్ల దగ్గర నా ఇటుక.

నాకు మేస్త్రీ మీద కూడా నమ్మకం లేదు. కాంక్రీటయితే అతనికి కూలి ఎక్కువ గిడుతుంది. నా ముక్కకి దిమ్మిస వదులుగా కొట్టి చేతులు దులుపుకోడని ఏముంది? పాపని చంకనేసుకుని అక్కడే నిలబడ్డాను.

"అమ్మా, నువ్వు కాస్త లోపలికెళ్ళు. నేను దిమ్మిస కిందికి వేస్తుంటే నువ్వు చూపుల్తోనే పైకి లాగేస్తున్నావు," అన్నాడతను.

నేను వెళ్ళలేదు. అన్నీ గట్టిగా కూరించాను. మడమతో తన్నినా ఒక్క ముక్క కదల్లేదు.

తర్వాతి రోజు పొద్దున బట్టలు తీసుకుని బయటికొచ్చి చూస్తే, వరండా వైపు అంచున చిన్న ముక్కలు లేవు. సందులు ఖాళీగా, పళ్ళూడిన నోరులా ఉన్నాయి.

పిడుగే!

పరిగెత్తుకెళ్ళి పాప నోరు తెరిచాను. నాలుక కింద చూశాను. గోళ్ళు చూశాను, గుప్పిట విప్పాను, డైపరు విప్పి అందులోనూ చూశాను. ఎర్రగా ఏమీ లేదు. పాప నా ముక్కు పట్టుకుని నవ్వింది. అయినా ఆ రోజంతా దాన్ని కింద దించలేదు. చెయ్యి లాగేసింది గానీ దించలేదు.

మర్నాడు ఇంకొన్ని పోయాయి.

పాప కాదు. మరి ఎవరు?

ఒకటి చెప్పాలి. ఆ చిన్న ముక్కలు చూడ్డానికి చిన్నవే గానీ, పెద్దవాటిని పట్టి ఉంచేవి అవే. అవి పోతే పెద్దవి ఊగుతాయి. వాటి మీద వ్యాను ఎక్కితే లేచొస్తాయి. ఈ సంగతి తెలిసినవాళ్ళెవరో కావాలనే తీస్తున్నారని నాకు అనుమానం పట్టుకుంది. ఆదివారం నా ముక్క మామయ్య ముందు తేలిపోవాలి. నేను మళ్ళీ నోరు మూసుకుని వంటింట్లో భుజాలెత్తుకుని నిలబడాలి.

ముందు అత్తయ్యని కనిపెట్టుకుని ఉన్నాను. ఆవిడ చీపురుతో తన కంకరని మధ్యకి దోస్తూ కనిపించింది. గేటు దాకా చెల్లాచెదురైపోయి ఉంది పాపం.

"ఏంటమ్మాయ్ అలా చూస్తావు, దొంగని చూసినట్టు?"

"నా ఇటుక ముక్కలు పోతున్నాయి అత్తయ్యా."

"పోతున్నాయా, లేస్తున్నాయా? ఇటుకకి ఎవరైనా కాళ్ళు తగిలిస్తారా? మేస్త్రీ సరిగ్గా కొట్టి ఉండడు. నువ్వు పక్కన నిలబడి అతన్ని బెదరగొట్టేశావు."

ఆవిడ చేతులు చూశాను. తెల్లటి రాతిపొడి తప్ప ఎర్రటి మరక లేదు.

తర్వాత పక్కింటి మొక్కలావిడ మీదికి పోయింది నా దృష్టి. వాళ్ళ గోడ మీద, మెట్ల మీద, కిటికీ గట్టు మీద అన్నీ కుండీలే. కుండీ అడుగున నీళ్ళు దిగడానికి ఇటుక ముక్కలు వేస్తారని నాకు తెలుసు. మా గోడ నడుం ఎత్తే. పైగా మొన్న కొత్త కుండీలు వరసగా పెట్టింది. ఇంకేం కావాలి?

పాపని ఎత్తుకుని వెళ్ళాను. "పిన్నిగారూ, కుండీ అడుగున ఏం వేస్తారు?" అన్నాను, ఏదో నేర్చుకోవడానికి వచ్చినదానిలా.

ఆవిడ నన్ను పైనుంచి కింది దాకా చూసింది. ఒక కొత్త కుండీ తీసి బోర్లించింది. మట్టీ, మొక్కా, వేళ్ళూ నేల మీద పడ్డాయి. అడుగున పగిలిన పింగాణీ కప్పు ముక్కలు.

"ఇంకోటి కూడా బోర్లించనా? నీ కళ్ళు అటే పోతున్నాయి."

నాకు తలకొట్టేసినట్టయింది. "అబ్బే, అది కాదు పిన్నిగారూ..."

"రోజూ గోడ మీంచి తొంగి చూస్తున్నావు, నాకు తెలీదనుకున్నావా? మీ ఇటుక ముక్కలు నాకెందుకమ్మా. అయితే ఒకటి నిజం. సాయంత్రం వాటి మీద నీళ్ళు చల్లినప్పుడు ఆ వాసన మా వంటింటి దాకా వస్తుంది. ఈ వయసులో నాకే నోరూరుతోంది." మొక్కని మళ్ళీ కుండీలో పెట్టి మట్టి అదుముతూ, "వచ్చినదానివి ఊరికే నిలబడకు, ఆ చెంబుతో నీళ్ళు పొయ్యి," అంది.

నీళ్ళు పోసి వచ్చేశాను. అప్పుడు తట్టింది నాకు. సాయంత్రం నీళ్ళు చల్లుతున్నది ఎవరు?

వదిన.

రంగు టైల్సు కావాలన్న మనిషి నా ఇటుకకి నీళ్ళెందుకు చల్లుతోంది? మొదటిరోజు, "నువ్వు పాపతో సతమతమవుతున్నావు, నేను చల్లుతాలే," అంటే మంచితనం అనుకున్నాను. నీళ్ళు ఎక్కువైతే రాతిపొడి కొట్టుకుపోతుంది, ముక్కలు వదులవుతాయి. చదువుకున్నవాళ్ళు ఇంత నెమ్మదిగా పని కానిస్తారు కాబోలు!

ఒకసారి అనుమానం వచ్చాక అన్నీ దానికే అతుక్కుంటాయి. వదిన ఈమధ్య పాపని ఎత్తుకోవడం మానేసింది. పిడుగు "అత్త, అత్త" అని చేతులు చాస్తే, "నడుం పట్టేసిందే తల్లీ," అని పక్కన కూర్చోబెట్టుకుంటుంది గానీ ఒళ్ళోకి తీసుకోదు. వదినకి రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండోసారి అత్తయ్య సంబరం పట్టలేక వీధంతా చెప్పేసింది. తర్వాత వీధంతా వచ్చి పరామర్శించి పోయారు. వదిన చాన్నాళ్ళు గదిలోంచి బయటికి రాలేదు. మా పాపని చూస్తే ఆవిడకి కష్టంగా ఉంటుందని నాకు తెలుసు. కానీ కష్టంగా ఉండడం వేరు, నా మీద కక్ష కట్టడం వేరు అనుకున్నాను.

శుక్రవారం సాయంత్రం తలుపు చాటున నిలబడి చూశాను. వదిన చెంబుతో నీళ్ళు చల్లింది. ఎర్రటి ముక్కలు ముదురెరుపయ్యాయి. వాసన నా దాకా వచ్చింది. ఆవిడ అటూ ఇటూ చూసి, అంచున గొంతుక్కూర్చుని, వేలితో సందులో తవ్వి ఏదో తీసి గుప్పిట్లో దాచుకుంది.

అప్పుడే వెళ్ళి చెయ్యి పట్టుకుందామనుకున్నాను. కానీ ఒక్కదాన్నే పట్టుకుంటే ఏం లాభం? కాదంటుంది, అందరూ డిగ్రీ చదివినావిడ మాటే నమ్ముతారు. సాక్ష్యం కావాలి.

శనివారం వదిన స్నానానికి వెళ్ళినప్పుడు మిషను సొరుగు లాగాను. ఆవిడ బటన్ల డబ్బా ఉంది. మూత తీస్తే పైన బటన్లు, కింద గుడ్డపీలికలో చుట్టి ఇటుక ముక్కలు. నావే. ఒకదానికి పాత గోడ ఆకుపచ్చ రంగు పెచ్చు కూడా అంటుకుని ఉంది. మూత పెట్టేసి డబ్బాని పాప బట్టల కింద దాచేశాను.

ఆ రాత్రి అన్నం సయించలేదు. సంతోషంతోనో, భయంతోనో తెలీదు. రేపు అందరి ముందూ ఏం చెప్పాలో మనసులో చెప్పుకుంటూ పడుకున్నాను. డబ్బా పోయిన సంగతి వదినకి తెలిసే ఉంటుంది. కానీ ఎవరినీ అడగలేదు. దొంగ అడుగుతుందా అనుకున్నాను.

ఆదివారం పొద్దున టీలు తాగుతూ అందరం మెట్ల మీద చేరాం. మేస్త్రీ గోడకి ఆనుకుని కూర్చున్నాడు. వదిన ఏదో గౌను అంచు కుడుతూ వరండాలో కుర్చీలో కూర్చుంది. మొహం పాలిపోయి ఉంది. తప్పు చేసినవాళ్ళ మొహం అలాగే ఉంటుందనుకున్నాను.

మామయ్య వ్యాను ఎక్కి, లోపల ప్రయాణికులున్నట్టు అద్దం సర్దుకుని, "జరగండి జరగండి!" అని అరిచి, నాలుగు ముక్కల మీదుగా ముందుకీ వెనక్కీ నడిపారు. దిగొచ్చి ఒక్కొక్కటీ చెప్పుతో తట్టి చూశారు.

"కాంక్రీటు బాగుంది. మొత్తం వెయ్యాలంటే మనల్ని తాకట్టు పెట్టాలి."

మా ఆయన తల గోక్కున్నారు.

"టైల్సు అందంగా ఉన్నాయి. అదీ అంతే. కంకర సగం వీధిలో ఉంది. ఇంకో వారం ఉంటే ఊరంతా మనదే."

"ఎవరు తొక్కమన్నారు మిమ్మల్నంత గట్టిగా?" అంది అత్తయ్య.

"ఇటుక..." మామయ్య వంగి చూశారు. "మధ్యలో రాయిలా ఉంది. ఖర్చూ లేదు. ఈ వరండా వైపు అంచు ఒక్కటే లేచిపోయింది. ఇదెందుకు లేచిందో తేలితే ఇటుకే ఖాయం చేద్దాం. ఏమ్మా, నువ్వేదో పోతున్నాయి పోతున్నాయి అంటున్నావటగా?"

నా వంతు వచ్చింది. మామయ్య అందరి ముందూ నన్నడిగారు. ఇన్నాళ్ళలో ఎప్పుడూ అడగలేదు. లోపలికెళ్ళి పాప బట్టల కింద నుంచి డబ్బా తెచ్చాను. మూత తీసి గుడ్డపీలిక విప్పి, చూపించడానికి ఒక ముక్క చేతిలోకి తీసుకున్నాను.

ముక్క ఒక పక్క నున్నగా ఉంది. పగిలిన ఇటుక గరుకుగా ఉండాలి కదా. బొటనవేలితో తడిమాను. ఆ నునుపు మీద సన్నటి గీతలు, జంటగా, పక్కపక్కన.

ఆ గీతలు నాకు తెలుసు. పిడుగు కడుపులో ఉన్నప్పుడు నేను బలపాలు తినేదాన్ని. పక్కింటి పిల్లలకని కొట్లో చెప్పి కొనుక్కుని, స్నానాల గదిలో కుళాయి తిప్పి పెట్టి, ఆ చప్పుడులో కొరుక్కునేదాన్ని. ఎవరికీ తెలీదు. మా ఆయనక్కూడా. కొరికిన బలపం కొన మీద పళ్ళు ఇలాగే జంట గీతలు పెట్టేవి.

తలెత్తి వదిన వైపు చూశాను. ఆవిడ డబ్బాని చూడటం లేదు, నన్నూ చూడటం లేదు. కుడుతున్న గౌను కింద ఒక చెయ్యి పొట్ట మీద ఉంది. పెదవి మూల, తుడుచుకోవడం మరిచిపోయినంత మేర, సన్నగా ఎర్రపొడి.

నడుం నొప్పి. పాపని ఎత్తుకోకపోవడం. ఎవరికీ చెప్పకపోవడం. కిందటిసారి వీధంతా పరామర్శకి రావడం.

"ఏంటమ్మాయ్ ఆ డబ్బా?" అంది అత్తయ్య మెడ చాచి.

గుప్పిట మూసేశాను. "వదిన బటన్లు అత్తయ్యా. పిడుగు అందుకుంటుందని పైన పెడదామని..."

"దారి సంగతి అడుగుతుంటే బటన్లు తెస్తావేంటే?"

"చెప్పమ్మా, అంచు ఎందుకు లేచింది?" మామయ్య ఇంకా నా వైపే చూస్తున్నారు.

చెప్పేస్తే ఇటుకే. నా ఇటుకే. గేటు నుంచి మెట్ల దాకా నేను చెప్పిన దారి. వచ్చేపోయేవాళ్ళు తొక్కినప్పుడల్లా అది నా మాటేనని నాకు గుర్తొచ్చేది. కానీ అదే దారి ఆ వాసనతో, ఆ రంగు పెచ్చులతో, రోజూ ఆవిడ కిటికీ కింద ఉంటుంది.

"ఊరికే లేచింది మామయ్యా," అన్నాను. "ఇటుక వద్దు."

మా ఆయన టీ గ్లాసు కింద పెట్టారు. "ఏంటి వద్దు? వారం రోజులుగా నా చెవులు కొరుక్కుతిని, ఇప్పుడు వద్దా?"

"అది పాత గోడ ఇటుక. వాటికి రంగు పెచ్చులున్నాయి. ఆ పాత రంగులు కడుపులోకి పోతే మంచిది కాదు. పాప నోట్లో పెట్టుకుంటుంది."

"ముక్కలు పెద్దవి, నోట్లో పట్టవు అని నా మీద లేచింది నువ్వే కదే!" అంది అత్తయ్య.

"నేనే."

"ఇప్పుడు పట్టాయా?"

"చిన్న ముక్కలు పడతాయి అత్తయ్యా."

అత్తయ్య మేస్త్రీ వైపు తిరిగి చేతులు తిప్పింది. "చూశావా నాయనా, పొద్దున ఒక మాట, సాయంత్రం ఒక మాట. ఈ పిల్లని అడిగి ఇల్లు కట్టుంటే తలుపులు కప్పుకి పెట్టుండేవాళ్ళం."

మేస్త్రీ నవ్వాడు. మా ఆయన కూడా నవ్వారు. అది నాకు గుచ్చుకుంది. గుచ్చుకున్నా నోరు మెదపలేదు. రంగు పెచ్చుల మాట వినగానే వదిన తలెత్తింది. ఆవిడ కళ్ళలో బెదురు కనిపించింది. ఆ సంగతి ఆవిడకి తెలీదన్నమాట. డిగ్రీలో అది చెప్పరు కాబోలు. నాక్కూడా టీకాల గదిలో నర్సు, పాప కిటికీ చట్రం నాకుతుంటే కసిరి చెప్పింది కాబట్టి తెలుసు.

"ఇంకో మాట మామయ్యా. పరిచిన ముక్కలూ, వెనక గుట్టా రెండూ తీయించెయ్యండి. ఈ రోజే."

"ఈ రోజా? ఆదివారం?"

"పిడుగు వినదు మామయ్యా. నాకు నిద్ర పట్టదు."

మామయ్య నన్ను చూశారు, మెట్ల మీద నా చెప్పు కొరుకుతున్న పిడుగుని చూశారు. "సరే, తీయించు," అన్నారు మేస్త్రీతో. తర్వాత గేటు దాకా నడిచి, వ్యాను చక్రాల అచ్చుల మధ్య నిలబడి, ఉన్నట్టుండి తొడ చరిచారు. "అసలు మనమంతా తెలివితక్కువ వాళ్ళం! చక్రాలు తొక్కేది రెండు గీతలే కదా. మధ్యలో కాంక్రీటు ఎవరి కోసం? రెండు పట్టీలు పొయ్యండి, చాలు. మధ్యలో గడ్డి మొలవనీ."

"అంత సన్నటి పట్టీల మీద బండి నడపాలంటే..." అన్నారు మా ఆయన నసుగుతూ.

"రాకపోతే నేర్చుకో. నేను కొండల మీద దీనికన్నా సన్నటి రోడ్డు మీద జనాన్ని తీసుకెళ్ళాను."

అలా తేలిపోయింది. నా మాటా లేదు, అత్తయ్య మాటా లేదు. మామయ్య మాట.

మధ్యాహ్నం బటన్ల డబ్బా తీసుకుని ముందు గదిలోకి వెళ్ళాను. అందులో బటన్లు మాత్రమే ఉన్నాయి. వదిన మిషను ముందు కూర్చుని ఉంది, కుట్టడం లేదు. బయట మేస్త్రీ పారతో ముక్కలు ఎత్తి బండిలో వేస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

డబ్బా ఆవిడ ముందు పెట్టి తలుపు దగ్గరగా వేశాను.

"నన్ను దొంగ అని పట్టుకోవడానికే తెచ్చావు కదూ పొద్దున?" అంది.

"అవును వదినా."

"మరి?"

"నేను బలపాలు తినేదాన్ని."

వదిన మొహం చేతుల్లో దాచుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. తర్వాత రెండూ కలిసిపోయాయి.

"ఆ వాసన... నీళ్ళు పడగానే చేతులు నా మాట వినవే. చీ, డిగ్రీ చదివి ఇటుకలు తింటున్నాను. ఎవరితో చెప్పుకోను?"

"మూడో నెల దాటిందా?"

"ఇంకా లేదు. అమ్మకి చెప్పకు. దండం పెడతాను. నిలబడితే అప్పుడు చెబుతాను. ఈసారి కూడా వీధంతా వచ్చి నా చెయ్యి పట్టుకుని కూర్చుంటే నేను బతకలేను."

"చెప్పను. కానీ రేపు పిడుగుకి దగ్గని చెప్పి ఆసుపత్రికెళ్దాం. నువ్వు నాకు తోడొస్తున్నావు. అంతే."

"పిడుగుకి దగ్గు లేదుగా?"

"అత్తయ్య అడిగితే ఉంటుంది."

మర్నాడు పిడుగుని తీసుకుని వెళ్ళాం. అది రిక్షాలో ఒక్కసారి కూడా దగ్గలేదు. ఆసుపత్రి వరండాలో మాత్రం పరాయి పిల్ల జోడు నోట్లో పెట్టుకుంది. డాక్టరమ్మ వదిన కళ్ళు కిందికి లాగి చూసి, రక్తం తీయించింది. రక్తం బాగా తక్కువగా ఉందంది. మట్టీ ఇటుకా మీదికి మనసు పోవడానికి అదే కారణం కావచ్చు, మాత్రలు వేసుకుంటే తగ్గుతుందంది. రంగు పెచ్చుల సంగతి చెబితే, దానికి వేరే పరీక్ష రాసి, ఇకమీద ఒక్క ముక్క నోట్లో పెట్టినా ఊరుకోనని కోప్పడింది. వదిన చిన్నపిల్లలా తలూపింది. నాకా తలూపడం మీద నమ్మకం కలగలేదు.

అప్పట్నించీ నా పని పెరిగింది. పొద్దున పిడుగు నోట్లో వేలు తిప్పుతాను. తర్వాత మిషను సొరుగు, బటన్ల డబ్బా, వదిన దిండు కింద, గౌను జేబు. "నన్ను కూడా నోరు తెరవమను, ఇంకేం," అంటుంది వదిన. ఒకరోజు నిజంగానే తెరవమన్నాను. తెరిచింది. శుభ్రంగానే ఉంది. అత్తయ్య చూసి, "ఏంటే ఇద్దరూ పంటి డాక్టర్ల ఆట?" అంది. అసలు సంగతి మాత్రం కనిపెట్టలేదు. పొద్దున ఒక మాట సాయంత్రం ఒక మాట అని ఇంకా నన్ను వచ్చినవాళ్ళందరికీ పరిచయం చేస్తూనే ఉంది. కూరగాయలావిడకి కూడా చెప్పింది. నేను భుజాలెత్తుకుని తరుక్కుంటూ వింటాను.

పట్టీలు పోసిన రోజు అందరం వరండాలో నిలబడ్డాం. మేస్త్రీ బద్దతో పైన చదును చేసి, తడి గోనెలు కప్పాడు. మామయ్య గేటు దగ్గర నిలబడి మా ఆయనకి చేతులతో స్టీరింగు తిప్పి చూపిస్తున్నారు. సాయంత్రం ఎండకి తడి సిమెంటు వాసన మెల్లగా పైకి లేచింది. చల్లగా, మట్టివాసన లాంటిదే.

పక్కకి చూశాను. వదిన కళ్ళు మూసుకుని, ముక్కుపుటాలు ఎగరేస్తూ, దీర్ఘంగా పీలుస్తోంది.

"వదినా," అన్నాను మెల్లగా, ఎవరికీ వినబడకుండా.

"ఏంటే?"

"అది ఆరేదాకా కిటికీ మూస్తున్నాను."

"ఊరికే వాసన చూస్తున్నానే!"

ముందు గదిలోకి వెళ్ళి కిటికీ రెక్కలు రెండూ మూసి, గడియ పెట్టి, ఒకసారి లాగి చూశాను.